మిరుగు తేదీ, నేల పదును: కార్తెలు, రుతువులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. మిరుగు వచ్చిందని, జూన్ 8న పడిన మొదటి వానకే పత్తి గింజలు పెట్టాం. ఆ తర్వాత పదహారు రోజులు చినుకు లేదు. మొలకలు మాడిపోయాయి, మళ్ళీ విత్తనం కొన్నాం. పెద్దల కార్తెల లెక్కను ఇంక నమ్మకూడదా?
— ఒక రైతు

జవాబు: రెండోసారి విత్తనం కొనడం ఎంత భారమో సేద్యం చేసే ఇంటికే తెలుస్తుంది. అయితే ఇక్కడ కార్తె అబద్ధం చెప్పలేదు. కార్తె చెప్పని మాటను మనం దాని నోట పెట్టాం.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం. 360 డిగ్రీల ఆకాశపు చుట్టును 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదానికి 13 డిగ్రీల 20 కళలు వస్తాయి (60 కళలు ఒక డిగ్రీ). సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ కదులుతాడు గనక ఒక్కో కార్తె 13, 14 రోజులు ఉంటుంది. రోహిణి మే 25న, మీరు మిరుగు అనే మృగశిర జూన్ 8న, ఆరుద్ర జూన్ 22న, పునర్వసు జూలై 6న మొదలవుతాయి. ఏడాదిని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, అంతే. ఇందులో చంద్రుడి ప్రమేయం లేదు. చాంద్రమాన నెలలు అలా కావు. ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఇంతగా ఊగే నెలలను నమ్ముకుని విత్తితే సేద్యం సాగదు. అందుకే పండుగలు తిథులతో నడిచాయి, నాగలి కార్తెలతో నడిచింది.

సూర్యుడు ఎక్కడున్నాడో కార్తె కచ్చితంగా చెబుతుంది. వాన పడుతుందో లేదో చెప్పదు. మన సామెతల్నే జాగ్రత్తగా వినండి. "భరణి కురిస్తే ధరణి పండును", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు", "మఖ పుబ్బలు వరపైతే మహాక్షామం". ప్రతిదానిలోనూ ఒక "కురిస్తే", ఒక "అయితే" ఉంది. వాటిని కట్టినవాళ్ళు పంచాంగం మూసేసి మొగులు వైపు చూసినవాళ్ళు. మనం తేదీని మాత్రం గుర్తుపెట్టుకుని ఆ "కురిస్తే"ను వదిలేశాం.

విత్తడానికి కావలసింది పదును, అంటే నేల లోపలిదాకా పట్టిన తడి. తేలిక నేలల్లో 50 నుంచి 60 మి.మీ., నల్లరేగడిలో 60 నుంచి 75 మి.మీ. వాన పడ్డాకే పత్తి పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. దానికి కారణం ఉంది. వేసవంతా ఎండిన నల్లరేగడిపై 20 మి.మీ. వాన పడితే పైన నాలుగు వేళ్ళ లోతు వరకే తడుస్తుంది. గింజ ఆ తడితో మొలకెత్తుతుంది. వేరు కిందికి దిగేసరికి పొడి నేల తగులుతుంది. పైతడిని రెండు మూడు రోజుల ఎండ లాగేస్తుంది. మీ చేలో జరిగింది ఇదే అయి ఉండాలి.

వానను కొలవడానికి యంత్రం కొననక్కరలేదు. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న రేకు డబ్బా తీసుకోండి, వెడల్పు 10 సెం.మీ.కు తగ్గకూడదు. చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, నేలకు అడుగు ఎత్తున కదలకుండా బిగించండి. రోజూ పొద్దున 8:30కి స్కేలు నిలువుగా ముంచి నీటి లోతు చదివి, రాసుకుని, పారబోయండి. రంగుల బకెట్టు పెడితే లెక్క తప్పుతుంది. దాని మూతి వెడల్పు, అడుగు ఇరుకు కాబట్టి అసలు పడిన వానకంటే లోతు ఎక్కువ చూపిస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో 45 మి.మీ. వాన 60 లాగా కనబడి, విత్తనం చేతి నుంచి జారిపోతుంది.

వారం మొత్తం కలిపి సరిపడా వచ్చిందనుకున్నాక జానెడు లోతు తవ్వి చూడండి. అడుగున ఉన్న మట్టిని గుప్పిట పట్టి నొక్కితే ముద్ద కావాలి. ఆ ముద్దను నడుము ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు పెళ్ళలుగా విరగాలి. ముద్దే కాకపోతే పదును చాలదు. వేళ్ళకు అంటుకుని సాగితే ఇంకా ఒకటి రెండు రోజులు ఆరాలి.

తొందరపడాల్సిన పని కూడా లేదు. పత్తి విత్తడానికి జూలై మధ్య దాకా వ్యవధి ఉంటుంది. అంటే మృగశిర, ఆరుద్ర పూర్తిగా, పునర్వసులో కొంత. మిరుగు నాడు తలుపు తెరుచుకుంటుంది, ఆ రోజే లోపలికి దూకాలని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంగువ బెల్లం తినండి, చేపల కూర వండుకోండి, గొర్రు, గుంటక సరిచూసుకోండి. గింజ మాత్రం నేల అడిగినప్పుడే వేయండి.

ప్రశ్న: ఉగాది పంచాంగ శ్రవణంలో మేఘాధిపతి ఫలానా గ్రహం, వానలు ఇలా ఉంటాయి అని చదువుతారు. దాన్ని బట్టి పంట ఎంచుకోవచ్చా?
— ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: ఎంచుకోవద్దు. ఏడాదికి రాజు, మంత్రి, మేఘాధిపతి లాంటి నవనాయకులను నిర్ణయించేది వారం. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమో ఆ వారాధిపతి రాజు. 2024లో ఉగాది మంగళవారం, రాజు కుజుడు. 2025లో ఆదివారం, రాజు సూర్యుడు. 2026లో గురువారం, రాజు గురుడు. సూర్యుడు మేషంలో ప్రవేశించిన వారాన్ని బట్టి మంత్రి, ఆరుద్రలో ప్రవేశించిన వారాన్ని బట్టి మేఘాధిపతి. దేశమంతటికీ ఒకే వారం కాబట్టి నంద్యాలకూ చిరపుంజికీ ఒకే మేఘాధిపతి వస్తాడు. దీంతో మీ చేలో శనగ వేయాలో జొన్న వేయాలో తేలదు.

పంచాంగ శ్రవణం ఏడాది ఆరంభాన నలుగురూ కూర్చుని వినే మంగళకరమైన ఆచారం. భక్తితో వినండి. కానీ ఆ సంప్రదాయంలోనే వానను కొలిచే పద్ధతి ఉన్నదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో మూర వెడల్పు పాత్ర పెట్టి, అందులో పడిన నీటిని తూచమన్నాడు. 50 పలాలు ఒక ఆఢకం, 4 ఆఢకాలు ఒక ద్రోణం. పంచాంగంలో ఇప్పటికీ వినబడే ఆఢకం అనే మాట అసలు పడిన వానకు కొలత. పైన చెప్పిన రేకు డబ్బా దానికి వారసురాలే.

ప్రశ్న: సంక్రాంతి నాడు ఉత్తరాయణం మొదలవుతుందని పిల్లలకు చెబుతాను. సైన్సు పాఠంలో డిసెంబరు 22 అని ఉంది. ఏది నిజమని అడిగితే ఏం చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయిని, హైదరాబాద్

జవాబు: సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21 లేదా 22న. జనవరి 14, 15 తేదీల్లో జరిగేది మకర సంక్రమణం, అంటే నక్షత్రాల లెక్కన మకర రాశిలో ప్రవేశం. ఒకప్పుడు ఈ రెండూ ఒకే రోజున పడేవి. భూమి ఇరుసు బొంగరంలా నెమ్మదిగా ఊగుతుంది గనక రుతువులు నక్షత్రాల మీదుగా వెనక్కి జరుగుతూ ఉంటాయి. సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ, అంటే ఒక రోజు. ఇప్పటికి ఆ తేడా 24 డిగ్రీలు దాటింది. దీన్నే అయనాంశ అంటారు.

ఇది మన శాస్త్రానికి తెలియనిది కాదు. పూర్వశాస్త్రాల్లో దక్షిణాయనం ఆశ్లేష సగం నుంచి మొదలవుతుందని ఉందనీ, తన కాలానికి అది కర్కాటకం మొదటికి వచ్చిందనీ వరాహమిహిరుడు రాశాడు. చెప్పినదానికీ కనబడేదానికీ తేడా వస్తే ప్రత్యక్షంగా పరీక్షించి తేల్చుకోమన్నాడు. పరీక్షించే దారులు కూడా చూపించాడు. ఉదయాస్తమయాల్లో సూర్యుణ్ణి దూరపు గుర్తుతో సరిచూడటం ఒకటి, పెద్ద వలయంలో శంకువు (నిటారుగా నిలిపిన కడ్డీ) నీడ ప్రవేశించే, బయటికి వెళ్ళే చోట్లను గుర్తుపెట్టడం రెండోది. ఇప్పుడు దక్షిణాయనం మృగశిర చివర, జూన్ 21న మొదలవుతోంది. పదిహేను వందల ఏళ్ళ నాటి ఆ పరీక్షను మీ బడి ఆవరణలోనే పిల్లల చేత చేయించవచ్చు. మీ ప్రశ్నకు అంతకు మించిన జవాబు లేదు.

నేల మట్టంగా ఉన్నచోట, భూమిపైన సరిగ్గా 60 సెం.మీ. మిగిలేలా ఒక సన్నని కడ్డీ పాతండి. మేస్త్రీ వాడే తూకపు గుండుతో రెండు వైపుల నుంచీ చూసి నిటారుగా నిలపండి. కడ్డీ మొదలు కేంద్రంగా 70 సెం.మీ. వ్యాసార్ధంతో వలయం గీయండి. పొద్దున నీడ కొస వలయం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత బయటికి పోయే చోట ఒక గుర్తు పెట్టండి. ఆ రెండూ కలిపితే తూర్పు పడమర రేఖ. దానికి లంబంగా కడ్డీ మొదలు గుండా గీసింది ఉత్తర దక్షిణ రేఖ. రోజూ నీడ ఈ రెండో రేఖ మీదికి వచ్చినప్పుడే పొడవు కొలవాలి.

గడియారం 12 కొట్టినప్పుడు కొలిస్తే తప్పు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమరన ఉంది. అందువల్లే 16 నిమిషాలు ఆలస్యం. దానికి తోడు భూమి నడకలోని హెచ్చుతగ్గులు. మీ దగ్గర నడిమధ్యాహ్నం నవంబరు మొదట్లో సుమారు 12:00కి, ఫిబ్రవరి మధ్యలో 12:30కి పడుతుంది.

హైదరాబాద్‌లో ఆ కడ్డీ నీడ డిసెంబరు 22న సుమారు 52 సెం.మీ., సంక్రాంతి నాటికి 48, మార్చి 21న 19 ఉంటుంది. మే 9 ప్రాంతంలో నీడ మాయమవుతుంది. విజయవాడలో అదే మే 5, 6 తేదీల్లో. అక్కడి నుంచి ఆగస్టు 3 వరకు హైదరాబాద్‌లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఇది చూసిన పిల్లవాడు జీవితంలో మరిచిపోడు. జూన్ 21న దక్షిణంగా సుమారు 6 సెం.మీ. వరకు వెళ్ళి, తిరిగి తగ్గుతుంది.

ఇక్కడ ఒక చిక్కు. డిసెంబరు 22కు పది రోజుల ముందూ తర్వాతా నీడ తేడా అర సెం.మీ.కు కొంచెం ఎక్కువ, అంతే. సూర్యుడు నిలబడిపోయినట్టుంటుంది. అందుకని అత్యంత పొడవైన నీడ ఏ రోజుదో చూద్దామంటే దొరకదు. డిసెంబరు మొదటి వారంలో ఒక రోజు నీడను కచ్చితంగా కొలిచి ఉంచుకోండి. జనవరిలో మళ్ళీ అదే పొడవు వచ్చిన రోజు పట్టుకోండి. ఆ రెండు తేదీల నడిమి రోజే అయనం మారిన రోజు. నీడ కొస మసకగా ఉండి ఇబ్బంది పెడితే కడ్డీ తలకు చిన్న రంధ్రం ఉన్న అట్టముక్క అతికించండి. నేల మీద పడే వెలుగు చుక్క మధ్యను కొలవండి. కడ్డీ పొడవును కూడా ఆ రంధ్రం దాకా లెక్కపెట్టుకోవాలి.

మరి సంక్రాంతిని మార్చాలా? నా అభిప్రాయంలో అక్కరలేదు. మకర సంక్రమణం మకర సంక్రమణమే, కొత్త ధాన్యం ఇంటికొచ్చే వేళకు చక్కగా కుదిరింది. "ఈరోజు సూర్యుడు ఉత్తరానికి తిరిగాడు" అనే వాక్యాన్ని మాత్రం పిల్లలకు చెప్పడం మానేయండి. రుతువులకు కట్టిన పంచాంగం కూడా మనకు ఒకటి ఉంది. శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసుతో 1957 మార్చి 22న అమల్లోకి వచ్చిన జాతీయ పంచాంగం అది. అందులో చైత్రం మొదటి రోజు ఎప్పుడూ మార్చి 22, లీపు సంవత్సరంలో 21.

ప్రశ్న: మా అత్తగారు వానలు మొదలవగానే చద్దన్నం మాన్పిస్తారు, రాత్రి పెరుగు వద్దంటారు, ఆషాఢంలో మునగాకు వండమంటారు. రుతువు మారిందని ఒక్క రోజులో ఇన్ని మార్చితే పిల్లల కడుపు పాడవుతోంది. ఏది ఎప్పుడు మార్చాలి?
— ఒక గృహిణి, తణుకు

జవాబు: మీ అత్తగారి మాటలో సారం ఉంది. మీ అనుభవంలోనూ ఉంది. ఒక్క రోజులో మార్చకూడదని ఆయుర్వేదమే చెప్పింది. అష్టాంగహృదయంలో వాగ్భటుడు పోయే రుతువులోని చివరి ఏడు రోజులు, వచ్చే రుతువులోని మొదటి ఏడు రోజులు కలిపి రుతుసంధి అన్నాడు. ఆ పద్నాలుగు రోజుల్లో పాతది మెల్లగా వదులుతూ, కొత్తది మెల్లగా పట్టుకోవాలి. అలవాటైనదాన్ని ఒక్కసారిగా మానితే ఒంటికి సరిపడదనీ, నాలుగో వంతు చొప్పున వదలమనీ అంటాడు.

మీ ఇంట్లో దీన్ని ఇలా చేయవచ్చు. మృగశిర ప్రవేశించి, గాలిలో చల్లదనం తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టండి. మొదటి మూడు రోజులు చద్దన్నంలో నాలుగో వంతు తగ్గించి, ఆ మేరకు వేడి అన్నమో ఇడ్లీయో పెట్టండి. నాలుగో రోజు నుంచి సగం సగం. ఎనిమిదో రోజు నుంచి చద్దన్నం నాలుగో వంతే. పన్నెండో రోజుకు పూర్తిగా ఆపేయండి. రాత్రి పెరుగును కూడా ఇలాగే. ముందు గడ్డపెరుగు బదులు చిలికిన మజ్జిగ, తర్వాత ఒకటికి మూడింతల నీళ్ళు కలిపి, చిటికెడు శొంఠి, ఉప్పు వేసిన పలచని మజ్జిగ, అదీ మధ్యాహ్నానికి మార్చాలి. కుండనీళ్ళు కాచి చల్లార్చిన నీళ్ళుగా మారాలి. ఇది మాత్రం నాలుగో వంతు లెక్క కాదు, మొదటి వాన రోజు నుంచే చేయాలి. ఊళ్ళో నీళ్ళు ముందుగా చెడేది అప్పుడే.

చద్దన్నం మాన్పించడం వెనుక కారణం వంటింట్లోనే కనబడుతుంది. వేసవిలో రెండు గ్లాసుల అన్నం మునిగి పైన వేలెడు నీళ్ళుండేలా పోసి, ఒక చెంచా మజ్జిగ వేసి మట్టికుండలో ఉంచితే ఎనిమిది గంటల్లో తేలికగా పులుస్తుంది. రోహిణి కార్తెలో ఆరేడు గంటలే చాలు, పది గంటలుంచితే ముక్కు మూసుకునేంత పులుపు. వానాకాలపు చెమ్మలో అదే అన్నం జిగురొచ్చి, తీగలు సాగి, వాసన మారుతుంది. జిగురు తగిలితే ఉల్లిపాయ కలిపి సరిపెట్టవద్దు, పారేయండి.

రుతువుల నడకను వాగ్భటుడు బలంతో ముడిపెట్టాడు. శిశిరం, వసంతం, గ్రీష్మం ఒంటి బలాన్ని లాగే ఆదాన కాలం. వర్షం, శరత్తు, హేమంతం తిరిగి ఇచ్చే విసర్గ కాలం. గ్రీష్మ వర్షాల్లో బలం, అరుగుదల అట్టడుగున ఉంటాయి, హేమంత శిశిరాల్లో శిఖరాన ఉంటాయి. అరిసెలు ఎప్పుడు చేస్తామో చూడండి. కొత్త బియ్యం, బెల్లం, నువ్వులు, నేయి, అన్నీ బరువైనవే, అన్నీ పుష్యంలోనే. అదే అరిసె ఆషాఢంలో తింటే పొద్దుటిది రాత్రికి కూడా అరగదు. వానాకాలానికి ఆయన చెప్పింది పాత ధాన్యం, పలచని చారు, కట్టు, తేనె, కాచిన నీళ్ళు. వద్దన్నవి పగటినిద్ర, ఏటినీళ్ళు, ఒళ్ళు హూనమయ్యే పని. పగటినిద్రకు గ్రీష్మంలో మాత్రం అనుమతి ఉంది.

మునగాకు వండండి, కాకపోతే వానలో ఆకుకూరకు బురద, పురుగు గుడ్లు అంటి ఉంటాయి. ఉప్పు కలిపిన నీళ్ళలో పావుగంట ఉంచి, రెండుసార్లు మంచినీళ్ళతో కడగాలి. ఈనెలు తీసేయాలి. నలుగురికి రెండు గుప్పెళ్ళ ఆకు, అరగ్లాసు కందిపప్పు లేదా పెసరపప్పు సరిపోతాయి. మొదటి రోజు పిల్లలకు రెండు చెంచాలు పెట్టి చూసి, పడితే పెంచండి.

ఇంకో సంగతి. చైత్ర వైశాఖాలు వసంతమని మనం బడిలో చదువుకున్నాం. మన గోదావరి జిల్లాల్లో వైశాఖం వడగాడ్పుల నెల. దీనికి కూడా జవాబు శాస్త్రంలోనే ఉంది. సుశ్రుత సంహితలో రెండో లెక్క ఒకటి ఇచ్చారు. ఫాల్గుణ చైత్రాలు వసంతం, వైశాఖ జ్యేష్ఠాలు గ్రీష్మం, ఆషాఢ శ్రావణాలు ప్రావృట్టు, భాద్రపద ఆశ్వయుజాలు వర్షం, కార్తీక మార్గశిరాలు శరత్తు, పుష్య మాఘాలు హేమంతం. ఇందులో శిశిరం లేదు, వానకు రెండు రుతువులున్నాయి. తెలుగు నేలకు ఇదే దగ్గరగా సరిపోతుంది. మీరు వంటకు ఈ లెక్క పట్టుకోండి, సంకల్పం చెప్పేటప్పుడు మొదటిది చెప్పండి. రెండింటికీ గొడవ లేదు.

ఇంట్లో మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారుంటే తేనె, ఉప్పు, ఉపవాసాల విషయంలో వాళ్ళ వైద్యుల మాటే ముందు.

ప్రశ్న: రెండు పంచాంగాల్లో తిథి ముగిసే సమయం వేర్వేరుగా ఉంటోంది. ఒకటి తప్పా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఒకటి పూర్వసిద్ధాంతపు సూత్రాలతో గణించినది, ఇంకొకటి దృక్సిద్ధాంతం, అంటే నేడు ఆకాశంలో కనబడే స్థానాలతో సరిపోయేది. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ఒక తిథి 20 గంటల్లోనూ ముగియవచ్చు, 26 గంటలు దాటీ సాగవచ్చు. చంద్రుడి వేగంలోని చిన్న సవరణలు పాత సూత్రాల్లో లేవు, అందుకే ఒక్కోసారి గంటల తేడా. గ్రహణాలు, అయనాలు, ఆకాశంలో చూడదగ్గవి ఏవైనా దృక్కుతోనే చూడాలి. ఇంటి వ్రతాలకు మీ కుటుంబం పాటించే పంచాంగమే పాటించండి, కానీ ఏడాది మధ్యలో దీన్నీ దాన్నీ కలపవద్దు. కలిపితే ఒక ఏకాదశి రెండుసార్లు రావచ్చు, ఒక పౌర్ణమి మాయం కావచ్చు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. ఇక్కడ సంక్రాంతికి మండే ఎండ, ఉగాదికి ఆకులు రాలుతాయి. పండుగలూ రుతుచర్యా ఎలా పాటించాలి? 2026 ఉగాది తేదీ మీద మాలో పెద్ద చర్చ జరిగింది.
— ఒక కుటుంబం

జవాబు: తేదీ సంగతి ముందు చూద్దాం. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. రోజును నిర్ణయించేది మాత్రం మీ ఊరి సూర్యోదయం. 2026లో అమావాస్య భారతకాలమానం ప్రకారం మార్చి 19 ఉదయం 6:52 ప్రాంతంలో ముగిసింది. హైదరాబాద్‌లో సూర్యోదయం అంతకు దాదాపు అరగంట ముందే అయిపోయింది. పాడ్యమి మర్నాడు తెల్లవారుజామున 4:52కే వెళ్ళిపోయింది. అంటే ఏ సూర్యోదయమూ పాడ్యమికి దక్కలేదు. అది క్షయతిథి కాబట్టి ఇక్కడ 19నే ఉగాది చేసుకున్నారు. మీ గడియారం అప్పుడు అయిదున్నర గంటలు ముందు. మీకు పాడ్యమి 19 మధ్యాహ్నం 12:22కి వచ్చి, 20 ఉదయం 10:22 దాకా ఉంది. 20న మీ సూర్యోదయం సుమారు 7:25కి, ఆ వేళకు పాడ్యమి ఉంది. సూర్యోదయ తిథి ప్రకారం మీకు ఉగాది 20న. ఇండియా క్యాలెండరు చూసి 19న చేసుకున్నవారు, స్థానికంగా గణించి 20న చేసుకున్నవారు ఇద్దరూ మీలో ఉండి ఉంటారు. అందుకే ఊరి పేరు పెట్టి గణించిన పంచాంగమే వాడమని చెబుతాను.

రుతుచర్య వేరే సంగతి. అది ఎండను, చలిని, వానను, అరుగుదలను చూసి చెప్పినది, నెల పేరును చూసి కాదు. మీ ఊరు దక్షిణార్ధంలో 38 డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు 22న మీకు అత్యంత పొడవైన పగలు. మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. కాబట్టి తినేది మీ రుతువును బట్టి ఉండాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గ్రీష్మచర్య, అంటే మజ్జిగ, తేలిక భోజనం, ఉప్పు కారాలు తగ్గించడం. నువ్వుల నూనె అభ్యంగనం, మినుములు, నేతి వంటలు జూన్, జూలై చలికి ఉంచుకోండి. సంక్రాంతికి అరిసెలు ఇంటికి ఒక్కొక్కటి నైవేద్యంగా చాలు, పళ్ళెం నిండా అక్కరలేదు.

ఉగాది పచ్చడికి మీ దగ్గర ఆ వేళకు వేప పూయదు. ఎండు వేపపువ్వు ఇండియా నుంచి తెప్పించే ముందు మొక్కల భాగాలపై మీ దేశపు నిబంధనలు చూసుకోండి, అవి చాలా కఠినం. చేదుకు వేయించి దంచిన మెంతులు పావు చెంచా వేయవచ్చు. నలుగురికి నిమ్మకాయంత చింతపండు రసం రెండు గ్లాసులు, బెల్లం తురుము 100 గ్రాములు, చిన్న పుల్లమామిడి ఒకటి ముక్కలుగా, ఉప్పు అరచెంచా, మిరియాల పొడి పావుచెంచా. చేదు వస్తువు పూవైనా మెంతైనా తాగే ముందు చివరన కలపాలి. ముందే వేసి గంట ఉంచితే చేదు రసమంతటికీ దిగి మిగతా అయిదు రుచులూ తెలియవు.

ప్రశ్న: శరత్తులో అగస్త్య నక్షత్రం ఉదయించాక నీళ్ళు నిర్మలమవుతాయని విన్నాం. ఆ నక్షత్రాన్ని ఎలా గుర్తుపట్టాలి? ఆ నీళ్ళు నేరుగా తాగవచ్చా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పగలు ఎండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లబడి, అగస్త్యోదయంతో విషం విరిగిన శరత్కాలపు నీటిని ఆయుర్వేదం హంసోదకం అంది. వానకు కలిగిన బురద అడుగుకు చేరే కాలమది, నక్షత్రం ఆ కాలానికి గుర్తు. నీటిని కళ్ళతో చూసి నిర్ణయించిన రోజుల మాట అది. కంటికి తేటగా ఉన్న నీళ్ళలో విరేచనాలు తెచ్చే క్రిములు ఉండవచ్చు, కాబట్టి నేరుగా తాగకండి.

బురదనీరు తేటపరచడానికి పాత ఉపాయం చిల్లగింజ, కొందరు ఇండుపగింజ అంటారు. బావి నీటిని బాగుచేసే దినుసుల్లో వరాహమిహిరుడు దీన్ని కూడా చెప్పాడు. గరుకైన మట్టిబాన లోపలి గోడకు ఒక గింజను తడిపి రెండు మూడు నిమిషాలు అరగదీయండి. అందులో నీళ్ళు పోసి ఒకసారి కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి పైతేట మాత్రం మెల్లగా వంచుకోవాలి, అడుగు నాలుగు వేళ్ళు వదిలేయాలి. బాన నున్నగా ఉంటే గింజ అరగదు, నీళ్ళు తేటపడవు. తేట పడ్డాక మరిగించండి, బుడగలు తెర్లుతూ పైకి వచ్చేదాకా. గింజ మట్టినే దించుతుంది, క్రిములను చంపదు.

నక్షత్రం కోసం సెప్టెంబరు మొదటి వారంలో తెల్లవారుజామున 5 గంటలకు, దీపాలు లేని మిద్దె మీద దక్షిణం వైపు నిలబడండి. ముందుగా ఆగ్నేయంలో బాగా పైకి వచ్చిన, అన్నిటికన్నా మెరిసే నక్షత్రం చూడండి, అది మృగవ్యాధుడు. అక్కడి నుంచి కుడివైపు కిందికి చూపు దించితే, దక్షిణానికి కాస్త తూర్పుగా, దిగంతం మీద చాచిన చేతి పిడికిలికి కొంచెం ఎక్కువ ఎత్తులో ఒంటరిగా తెల్లగా వెలిగేది అగస్త్యుడు. దక్షిణాన కొండో, ఇంటి గోడో అడ్డుంటే కనబడడు. 5:30 దాటితే తెల్లారే వెలుగులో కలిసిపోతాడు. మబ్బుపట్టి ఆ వారం కుదరకపోతే నెలాఖరున చూడండి, అదే వేళకు ఇంకా ఎత్తున ఉంటాడు.